రెండు పళ్ళు తక్కువ

చలాన్ కాయితం మీద నా లారీ బొమ్మ,
కింద వేగం: ఎనభై రెండు.
సూది డెబ్బయి ఆరు దాటలేదని
ఎవరి మీదనైనా ఒట్టు పెడుత.
పెట్టిన కూడ, దామోదర్ సేటు ముందట.
"కెమెరాకు నీ మీద ఏం పగరా?" అన్నడు,
ఆ పైసలు నా ఖాతాల రాసుకుంట.

ఆటోనగర్‌ల ఖుద్దూస్ భాయ్ కాయితం చూడలే.
వంగి టైర్లు చూసిండు.
"ఎప్పుడేసిన్రు ఇవి?"
పోయిన దసరా ముందు, భాయ్.
ఎనిమిదింపావు తీసి పది ఇరవై ఎక్కించినం,
బండలు మోసే బండి, ఎత్తుండాలె అని సేటే తెచ్చిండు.
"టైరు మారింది, మంచిది.
మీటరుకు ఎవరు చెప్పిన్రు?"

సుద్దముక్కతోని టైరు మీద ఒక గీత,
దాని కిందనే నేల మీద ఒకటి.
సమద్ అనే పిలగాడు టేపు పట్టుకొని ఉరికిండు.
మొదటి గేర్ల పది చుట్లు నడిపిన,
నెలలు నిండిన మనిషిని నడిపిచ్చినట్టు.
పాత టైరుకు పది చుట్లంటే ముప్పై మీటర్లకు జానెడు తక్కువ.
టేపు ముప్పై రెండు దాటి
ఆయిలు మరక మీద ఆగింది.

మీటరు చుట్లు లెక్కవెడుతది, అంతే.
చుట్టు ఎంత పెద్దదో దానికేం ఎరుక.
"అది నూరు అన్నప్పుడల్లా నువ్వు నూట ఎనిమిది నడిచినవ్" అన్నడు భాయ్.
"నూట ఎనిమిది! అంబులెన్సు నంబరు. యాదికుంచుకో."

నవ్విన నేను.
నవ్వు సగంల ఆగింది.
నా బత్తా కిలోమీటరు లెక్క.
దసరా నుంచి బుక్కుల నలభై రెండు వేలు.
వేళ్ళ మీద లెక్కవెడితె వేళ్ళు సాలలే,
సమద్ ఫోన్ల కొట్టి చూపిండు:
మూడు వేల మూడు వందల అరవై.

అంత దూరం ఏడ పోయింది?
తాండూరు నుంచి పెద్ద అంబర్‌పేట దాక
నాపరాళ్ళ కింద మూల్గుకుంట వచ్చిన రాత్రుల్ల
ఏ రాత్రి లెక్కలకు రాలే?
మన్నెగూడ కాడ పొగమంచుల
ముందటి బండి ఎర్ర లైటు పట్టుకొని పాకినదా?
బిడ్డకు జరమొచ్చిందంటే
అన్నం సగంల ఇడిసి లేచినదా?
"గింత జల్ది ఎట్లొచ్చినవ్?" అని సుగుణ అడిగితె
చేయి తిరిగిందే అన్న, మీసం మీద చేయేసి.
తిరిగింది చేయి కాదు.

"ఎక్కిన అంకె నేను ముట్ట" అన్నడు ఖుద్దూస్ భాయ్.
"నడిచిన దారి నడిచినట్టే. ఇగ మీదిది సరిజేస్త."
బిస్కెట్ల డబ్బా నిండ ఇత్తడి చక్రాలు.
ఇరవై ఏడు పళ్ళది ఊడదీసి
ఇరవై ఐదుది కూసోవెట్టిండు.
పళ్ళు తక్కువైతె జల్ది తిరుగుతదట.
"నా లెక్కనే" అని నోరు తెరిచి చూపిండు,
ముందటి రెండు లెవ్వు.

రింగురోడ్డు మీద సూదిని అరవై కాడ పట్టిన.
రాయి నుంచి రాయికి సమద్ సెకండ్లు లెక్కవెట్టిండు:
అరవై ఒకటి.
"ఆ ఒకటి నీ కాలుది" అన్నడు భాయ్.
నిజమే.
సూది సరయింది, కాలు ఇంకా కాలే.
పాత డెబ్బయి ఆరు అలవాటు మడిమెల ఉంది,
కొత్త ఎనభై రెండు చూసి కన్ను బెదురుతది.
అదే తొక్కుడు, అదే గాలి.

మాపటికి సేటు కాడికి పోయిన.
మూడు వేల మూడు వందల అరవై, అన్న.
"మీటర్ల లేనిది నేనెట్ల ఇస్తరా?"
చలాన్‌కు కెమెరా లెక్క,
బత్తాకు మీటరు లెక్క.

జేబుల చేయి పెడితె భాయ్ సుద్దముక్క తగిలింది,
ఎప్పుడు ఏసుకున్ననో.
క్యాబిన్ తలుపుకు లోపలి దిక్కు
ఆ అంకె పెద్దగ రాసుకున్న.
వాన అక్కడికి రాదు.